మడత పడని కాగితం

పెట్టెలోంచి తీశాక
ఈ కాగితం మళ్లీ పాత మడతల్లోకి పోదు.
చీమ తలకాయంత అక్షరాల్లో
నాకేమేం కావచ్చో రాసి ఉంది.

తొడ మీది హార్మోన్ పట్టీ
తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది.
అది వచ్చాక ఒంట్లో మంటలు చల్లారిన మాట నిజం,
అర్ధరాత్రి మంచులోకి తలుపు తెరిచి
నిలబడే పని తప్పింది.
బదులుగా పిక్కలు పట్టేస్తున్నాయి.
రొమ్ములకి సీటు బెల్టు తగిలితే ప్రాణం పోతోంది.
పోయిన మంగళవారం, యాభై నాలుగేళ్లకి,
లైబ్రరీ బస్సు నడుపుతూ నిల్సియా మలుపు దగ్గర
మళ్లీ ముట్టయ్యాను.

దారి మరిచిన చుట్టమే అని నవ్వింది వదిన హెల్వి.
డాక్టరు నవ్వలేదు. స్కానింగు రాసింది.
కాగితంలో 'చాలా అరుదు' అన్నచోట
పెన్నుతో ఇర్మెలి అని రాసుకున్నాను.

శనివారం సౌనా.
రాళ్ల మీద నీళ్లు పోస్తే
ఆవిరి వీపెక్కి కూర్చుంది,
పట్టీ అంచు ఊడి వేలాడింది.
ఈ వేడి నేను కట్టెలు పేర్చి తెచ్చుకున్నది.
ఆ వేడి అడక్కుండా వచ్చింది.

నొక్కి అతికించాలా, పీకేయాలా?

ఇంకో గరిటెడు నీళ్లు పోసి కూర్చున్నాను,
పట్టీ మీద వేలుంచి.