గుమ్మం రాయి

గున్‌వోర్ గోట్‌లాండ్ దాటి ఎరగదు.
ఎనభై ఒక్క ఏళ్లలో రెండుసార్లు ఓడెక్కింది,
రెండుసార్లూ లంగరు తియ్యకముందే దిగిపోయింది.
కడుపులో తిప్పిందని ఒకసారి,
కోళ్లకి గింజలు వెయ్యడం మరిచానని ఒకసారి.

ఆమె వంటింటి గుమ్మానికి బూడిదరంగు సున్నపురాయి,
తాత గనిలోంచి దొర్లించుకొచ్చింది.
తొక్కి తొక్కి నడుమ పల్లం పడింది.
ఆ పల్లంలో వాన నిలిస్తే చాలు
లోపల్నించి ఏవేవో తేలి కనబడతాయి:
తేనెపట్టు తునక లాంటిది,
అడ్డగీతల కొమ్ము ఒకటి, వేలంత,
తెగి చెదిరిన పూసలు.
అలాంటి పూసలే ఒడ్డున ఏరి, దారానికి గుచ్చి
చిన్నప్పుడు గుడ్డబొమ్మ మెడలో వేసింది.

మొన్న ఫిబ్రవరిలో
మనవరాలు అల్ఫ్‌హిల్డ్ టార్చిలైటు పట్టుకుని
ఆ రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.
"పగడాలు అమ్మమ్మా. వీటికి చలి పడదు.
వెచ్చటి నీళ్లు కావాలి, అడుగు దాకా ఎండ దిగాలి."

గున్‌వోర్ కిటికీలోంచి చూసింది.
ఒడ్డు గడ్డకట్టి ఉంది,
గొర్రెల వీపుల మీద మంచు.
"ఇక్కడా?"

"ఇక్కడ కాదు. అప్పుడీ నేల ఇక్కడ లేదు.
భూమధ్యరేఖకి కాస్త కిందగా ఉండేది,
నలభై రెండు కోట్ల ఏళ్ల మాట.
వెచ్చటి సముద్రం మన దాకా రాలేదు,
నేలే దాన్ని వదిలి ఇంత దూరం నడిచొచ్చింది,
కడుపులో ఉన్నవాటితో సహా."

ముసలామె చాలాసేపు మాట్లాడలేదు.
బాబాయి బట్టీలో ఈ రాయినే కాల్చేవాడు.
ఆ సున్నమే చర్చి గోడలకి వేశారు,
ఆ గోడల మధ్యే ఆమె పెళ్లి జరిగింది.
నాన్న కట్టిన పడవల కొట్టం
ఒకప్పుడు అలల తడిలో ఉండేది,
ఇప్పుడు నీళ్లందాలంటే ఇరవై అడుగులు వెయ్యాలి.
సముద్రం అలిగి పోతోందనుకున్నారు అందరూ.
"అదీ నేల పనేనా?"
"అదీనూ. మంచు బరువు దిగాక ఇంకా లేస్తూనే ఉంది."
"అయితే," అంది గున్‌వోర్, కప్పు కింద పెట్టి,
"టిక్కెట్టు లేకుండా బాగానే తిరిగానన్నమాట."

మర్నాడు పొద్దున గుమ్మం మీద అద్దంలా మంచు.
ఎన్నో చలికాలాలుగా చేస్తున్న పనే:
గుప్పెడు ఉప్పు చల్లింది,
కెటిల్లోని వేడినీళ్లు వంచింది.
తేనెపట్టు తేలింది, కొమ్ము తేలింది, పూసలు తేలాయి.

ఈసారి మాత్రం
వెంటనే తలుపు వెయ్యలేదు.