స్టార్టర్ చప్పుడు

మా రేడియో గొంతు పానగల్లు దాటది.
అటు మర్రిగూడ బైపాసు కాడికి పోంగనే
లారీల హారన్లల్ల కలిసి గరగరమంటది.
కెమిస్ట్రీ ల్యాబు ఎనుక ఇరుకు అర్ర,
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
మైకుకు నా పాత సాక్సు తొడుగు.
శనివారం రాత్రి ఎనిమిదింటికి
గా అర్రల నేను, ఒక ఎర్రలైటు.
ఇనేటోళ్లు తొమ్మిది మంది.
ఫోన్లు చేస్తరు గనుక లెక్క ఎరుక.
అండ్ల ఒకరు మా హాస్టలు వార్డెను,
గేటు ఏసే యాళ్లయిందని యాదిజేయనీకె.

అందరెరిగిన పాట నేనెయ్య.
అది ఆటోలల్ల ఉండనే ఉన్నది, బరాతుల ఉన్నది,
సెలూన్ల గడ్డానికి నురగ రాస్తుంటే ఉన్నది.
నాకు గావాల్సింది
పేరు ఇంకా తెగని బ్యాండ్లు.
మిర్యాలగూడ రైసుమిల్లుల నైట్‌డ్యూటీ అన్నదమ్ములు,
జల్లెడ ఊగే లెక్కకు గిటారు కట్టినోళ్లు.
దేవరకొండ దిక్కు తండా పిల్ల కేతావత్ ఝాన్సీ,
మూడు మీటలు చచ్చిన క్యాసియో మీద
గోరుబోలిల పాడింది.
నాకు ఒక్క ముక్క తెలువలె.
మూడు వారాలు అదే ఏసిన.

మంచిగుంటదని ఎన్నడు చెప్ప.
మంచిగుంటదంటే ఎవడు ఇంటడు?
"ఇది జెర ఇబ్బందిగ ఉంటది,
రెండో నిమిషం దాంక ఓపిక పట్టుండ్రి" అంట.
గంతే. తర్వాత నోరు మూసుకుంట.

చిట్యాల బస్సు కండక్టరు ఒకనాడు
అగ్గిపెట్టె ఇచ్చిపోయిండు.
దానికి రబ్బరుబ్యాండు, లోపట పెన్‌డ్రైవు,
చీటీ మీద: బోరుబండి. ముగ్గురం.
లింగస్వామి, సైదులు, పోలోజు సందీపు.
బత్తాయి తోటల మోటరుకొట్టంల రికార్డు చేసిండ్రు.
మొదట్ల ఏం లేదు. డప్పు గాదు, డ్రమ్ము గాదు,
పెయింటు డబ్బ. గొంతు ఎక్కడ్నో ఉన్నది.
తీసేద్దామని చెయ్యి పెట్టిన.
అప్పుడు కరెంటొచ్చింది.
పాటలనే వచ్చింది.
ఆటో స్టార్టరు ఠక్కుమన్నది,
మోటరు మూలిగింది, నీళ్లెక్కినయ్.
వాళ్లు ఆపలే.
లింగస్వామి ఒక్క ఊపిరి పీల్చి
గొంతు దించి దించి
మోటరు మూలుగు పక్కపొంటి నిలవెట్టిండు.
ఎవుసం రాని నాకు సుత
మడిలకు నీళ్లు జొరవడ్డట్టు అరికాళ్లు సల్లవడ్డయి.

"ఆ ఠక్కు కోసెయ్యమ్మా" అన్నడు ఉపేందర్ సారు.
కొయ్యలే.

పాట ఒడిసినంక ఫోను.
పదోది. కొత్త గొంతు. కేశరాజుపల్లి పెద్దమనిషి.
"బిడ్డా, పాట సంగతి నాకెరుకలేదు గని
ఆ మోటరుకు బేరింగు పోతున్నది.
పిల్లగాండ్లకు చెప్పు, గ్రీజు వెట్టమను,
లేకుంటె కాయిలు కాలుతది."
చిట్యాలకు మా రేడియో అందది.
ఫోను చేసి చెప్పిన.
వాళ్లు గ్రీజు వెట్టిండ్రు.

నెల దాటినంక మల్ల అగ్గిపెట్టె.
అదే పాట, మంచి మైకు, కడిగినట్టున్నది.
మోటరు మెత్తగ తిరుగుతున్నది,
లింగస్వామి గొంతు దిగుతున్నది, దిగుతున్నది,
ఆనుకోనీకె ఏం దొరకలే.
చీటీల ఒక్కటే మాట: సుతి పోయిందక్కా.

సలహా మోసింది నేనే.
గా రాత్రి రెండు పాటలు ఎనుకముందు ఏసిన,
ఏది మంచిదో చెప్పలే.
పెద్దమనిషే చేసిండు. శానసేపు మాట్లాడలే.
"మొదటిదే మల్లొకసారి ఎయ్యి" అన్నడు.

ఇగ ఇనుండ్రి, పదిమంది సుత.
బేరింగు అరుస్తున్న మోటరు
మీ బాయికాడ ఉంటే, ఇప్పుడే బాగుజేయించకుండ్రి,
ముగ్గురు పిల్లగాండ్లు పెయింటు డబ్బతోని వస్తరు.
కరెంటు ఎన్నిగొట్టంగ ఇస్తరో గది సుత చెప్పుండ్రి.
వార్డెనమ్మా, వస్తున్న,
ఒక్క పాట.