రసమట్టం

పదకొండేండ్ల సంది టైల్సు వేస్తున్న.
నేల ఏడ ఎత్తున్నదో, ఏడ గుంటున్నదో
ఉత్త పాదంతోటి చెప్త.
మేస్త్రి బుగ్గయ్య రసమట్టం పెట్టి చూసి
"బాలమణీ, నీ కాలే కరెక్టు" అంటడు.

ఆ కాలే మోసం చేసింది,
కోకాపేటల, పద్నాలుగో అంతస్తుల,
ఒక శుక్రవారం పొద్దుగాల.
నొప్పి లేదు. చప్పుడు లేదు.
హాలంత ఒక్కపారి పడవ లెక్క ఒరిగింది.
మాలు తట్ట చేతుల్నే ఉన్నది,
చేతులే నావి కావనిపించింది.

"తిన్నవా లేదా?" అన్నది జంగమ్మ.
గ్యాసు అన్నడు మందుల షాపాయన.
మెడబొక్క అరిగింది అన్నడు ఫోటో తీసినాయన,
పట్టా ఇచ్చిండు, ఆరు వందలు.
నిమ్మకాయ తిప్పి మూడు బాటల కాడ పడేసింది ఆడిబిడ్డ.

తలనొప్పి ముచ్చట ఎవ్వరికీ చెప్పలే.
ఎందుకు చెప్త?
అది వేరే కథ గద.
అది సోమవారాలు వచ్చేది,
ఎడమ కంటి ఎనక మేకు దిగగొట్టినట్టు,
కట్టర్ మిషిను చప్పుడుకు,
తెల్ల టైలు మీది ఎండకు,
పక్కింటి పోపు వాసనకు.
దానికీ దీనికీ నడుమ
మూడు దినాలో ఐదు దినాలో
మంచిగ నడిచే నేనుంటి.

కోఠి చెవుల దవాఖానల
డాక్టర్ తబస్సుం నన్ను కుర్చీల తిప్పలే మొదలు.
పెన్ను మూత తీసి
"తలనొప్పి ఎప్పుడెప్పుడొస్తదమ్మా?" అన్నది.
నవ్విన. తలనొప్పికి రాలే మేడం, తిరుగుడుకొచ్చిన.
ఆమె నవ్వలే.
"పాల లెక్క ఏడ రాస్తవ్?"
"క్యాలెండర్ మీద."
"ఆడ్నే రాయి. నొప్పికి గీత, తిరిగితే సున్న."

రెండు నెలలు.
గీతలు, సున్నలు, అర లీటర్లు.
మూడో నెల కాయితం తిప్పుతుంటే కనపడ్డది:
బువ్వ తినని దినం పక్కన గీత,
గీత ఎనక సున్న,
రాత్రి పని చేసిన వారం రెండూ కలిసి.
అత్తాపూర్ పిల్లర్ల పక్కపొంటి ఆటోల పోయినప్పుడల్ల
నీడ, ఎండ, నీడ, ఎండ,
నూట ఇరవై దాటకముందే సున్న.
ఇద్దరు దొంగలు కాదు.
ఒక్కడే, అంగీ మార్చుకొని వస్తున్నడు.

"నొప్పి లేకుండ గూడ మైగ్రేన్ వస్తదా మేడం?"
"ఉరుము వినపడకుండ మెరుపు మెరవదా?"
జర ఆగి, పెన్ను పక్కకు పెట్టి,
"మీ అమ్మకుండెనా?"

మా అమ్మకా.
బోరబండ రేకుల ఇంట్ల
నుదుటికి తువ్వాల బిగిచ్చి కట్టుకొని
మాపటిదాక కండ్లు మూసి కూసునేది.
తిరుగుతున్నదని ఒక్కనాడు అనలే.
కాని సున్నం గోడ మీద
నడుమెత్తున ఒక నల్లటి చార ఉండె,
మంచం కాడికెళ్ళి పొయ్యి దాక,
పొయ్యి కాడికెళ్ళి తలుపు దాక,
అరచెయ్యి ఎంత వెడల్పో అంత.
దసరా దసరాకు సున్నమేసుకుంట తిట్టేదాన్ని:
చేతులు కడుక్కోవా, గోడ ఖరాబు చేస్తున్నవ్.
ఆమె నవ్వేది.
గోడ పట్టుకొనే నవ్వేది.

ఆమెకు క్యాలెండర్ ఎవరిచ్చిండ్రు.
గోడ మీదనే రాసుకున్నది.
నేను చెరిపిన, ఏడాదికొకపారి, రెండు కోట్లు.

ఇయ్యాల మళ్ళ వచ్చింది.
బాత్రూముల వాటం తీస్తున్న,
నీళ్ళు జాలి దిక్కు పోయేటట్టు.
ఒంగి లేవంగనే గోడలు బయలెల్లినయ్.
గోలి మింగి, హాల్లకు పాకి
మొన్న వేసిన టైల్సు మీద అడ్డం పడ్డ,
చెంపకు సల్లగ.
రసమట్టం చెవి పక్కన పెట్టుకొని
ఒక్క కన్ను తెరిచిన:
పచ్చటి నీళ్ళల్ల బుడగ
రెండు గీతల నడుమ, కదలకుండ.

అంటే నేల మంచిగనే ఉన్నది.
నేను వేసిందే గద.

బుగ్గయ్య తలుపు కాడ నిలబడి అడుగుతున్నడు,
పూట కట్ చెయ్యాల్నా అని.
ఆగు, అన్న, చేత్తోటే.
గోడ తెల్లగున్నది, నిన్ననే ప్రైమర్ కొట్టిండ్రు.
నా చేతినిండ సిమెంటు.
లేవాలంటే
ఏడనో ఒక కాడ చెయ్యి పెట్టాలె.