డికాక్షన్ రంగు

చాదర్‌ఘాట్ దాటంగనే సూది లేచింది.
సిగ్నల్ పడ్డది. ముందట సిటీ బస్సు,
బానెట్ అంచుల నుంచి సన్నగ ఆవిరి.
వెనక సీట్ల డయాలిసిస్‌కు పోయే ముసలామె
"ఏం కాదు తీయి బిడ్డా, పక్కకు ఆపుకో" అన్నది,
నాతోటి కాదు, బండితోటి అన్నట్టు.

ఆమెను ఆటో ఎక్కించి
మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నుంచి
మూసారాంబాగ్ ఇలియాస్ భాయ్ షెడ్డు దాక
నూకుకుంట పోయినం,
నేనూ, పేరు చెప్పని ఇద్దరూ.

"మూత ముట్టకు" అన్నడు ఇలియాస్ భాయ్.
"వేడి మీదున్న రేడియేటర్‌ను ఏం అడగొద్దు.
మొఖం మీదనే జవాబిస్తది."
ముప్పావు గంట.
నడుమ నడుమ వచ్చి
మోచేతి వెనక భాగం గొట్టానికి ఆనిచ్చి పోయేటోడు.

చల్లబడ్డంక సిరంజితోటి పీకి
ఖాళీ నీళ్ల సీసల పోసిండు.
పచ్చగ ఉండాల్సినవి
ఇటుకలు కడిగిన నీళ్ల లెక్క.

"చాయ్ రంగా, డికాక్షన్ రంగా? చెప్పు."
నాకు తెల్వదు.
"పాలు కలిసినట్టుంటే ఆయిల్ దిగింది,
హెడ్ గాస్కెట్ పోయింది,
పోయి పెండ్లాం గాజులు అడుక్కో.
పాలు లేకుంటే ఆ స్టూలు మీద కూసో."

సీసను రాయి మీద పెట్టి ఎవ్వరినీ కదపనియ్యలే.
డిప్‌స్టిక్ గుంజి బనీను గుడ్డకు తుడిచిండు. నలుపు.
నలుపు మంచిదేనట.
ఆయిల్ మూత బోర్లించి చూసిండు. మీగడ లేదు.
కొత్త నీళ్లు పట్టించి, ఇంజన్ లేపి,
తెరిచిన నోట్ల టార్చి కొట్టుకుంట నిలవడ్డడు,
బుడగ కోసం.
జహంగీర్ అనే పిలగాడు సైలెన్సర్ కాడ కూసోని
"తెల్ల పొగ నై, ఉస్తాద్" అని రెండుసార్లు అరిచిండు.
బుడగ రాలే.
నేను అప్పటిదాక ఊపిరి బిగబట్టిన సంగతి
నాకే తెల్వదు.

సీసల అప్పటికి
అడుగుకు ఎర్ర మట్టి దిగింది.
పైన ఒక్క నూనె చుక్క లేదు.
"తుప్పు" అన్నడు.
రేడియేటర్ మెడల వేలు తిప్పి
తెల్లటి పెచ్చు ఊడదీసి నా అరచేతిల పెట్టిండు.
స్నానం బకెట్ల హీటర్ రాడ్‌కు పట్టేది,
అదే.

"బోర్ నీళ్లు. ఎవరు పోసిన్రు?"

"కొన్నప్పుడే గట్లున్నది" అన్న.
"వనస్థలిపురం వామనరావు సార్ బండి.
ఆయనే పోసిండొచ్చు."

ఇలియాస్ భాయ్ ఏమనలే.
"ఆర్సీ ఉంటే తీయి, సంవత్సరం చూస్త" అన్నడు.
డాష్‌బోర్డు తెరిస్తే ముందుగాల చేతికొచ్చింది
సార్ నోట్‌బుక్కు. ఎన్నడూ తెరవలే నేను.
నీలం సిరా, స్కేలు పెట్టి కొట్టిన గళ్లు:
"62,110 కి.మీ. కూలెంట్ మార్చబడినది.
ఆకుపచ్చ రకం. మామూలు నీళ్లు కలపరాదు."
రాదు కింద రెండు గీతలు.

ఉప్పల్ బంకు వెనక నల్లా.
బండ్లగూడల మా అపార్ట్‌మెంట్ సంపు.
ఎయిర్‌పోర్టు తొవ్వల పంచరు దుకాణం డ్రమ్ము.
మొన్న ఎండకాలం రోజుకో లీటరు.
డబ్బకు నాలుగు వందలు,
ఒక పూట కిరాయి.
నీళ్లయితే ఊరికెనే వస్తుండె.

ఆరుసార్లు కడిగిండు.
మోరీలకు ముందు ఎరుపు పోయింది,
తర్వాత నారింజ, తర్వాత బెల్లం రంగు.
ఆరోసారి నీళ్లను గ్లాసుల పట్టి వెలుగుకు చూపిండు.
ఇంకా కొంచెం ఉన్నది.
"ఇంతకన్నా పోదు" అన్నడు. "వారం తర్వాత మళ్ల రా."

పచ్చ డబ్బ పోస్తుంటే
నేను నోట్‌బుక్కు తీసిన.
గ్రీజు అంటిన కాయితం, పెన్ను పారలే.
మోకాలి మీద గీకి గీకి రాసిన:
లక్షా పద్దెనిమిది వేలు. కూలెంట్ మార్చిన.
బోర్ నీళ్లు పోసింది సార్ కాదు.

ఇలియాస్ భాయ్‌కి తెలుగు చదవరాదు.
తొంగి చూసి అడిగిండు, ఏం రాసినవ్ అని.

కిలోమీటర్లు, అన్న.