హాజరు పట్టీ

ఎల్ సాల్వడోర్, లెంపా నది దిగువన
రెండు గదుల ఆరోగ్య కేంద్రం. వెనక గది నాది.
కరెంటు పోతే మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి జరిపి
ఎండను అద్దంలో పట్టుకుంటాను.

అబెలీనో చికాస్, ముప్ఫై నాలుగేళ్లు, చెరుకు కోత.
గట్టెక్కితే గుండె గొంతులోకి వస్తోందన్నాడు.
కింది రెప్ప లాగి చూస్తే
ఉడికిన చేపముక్క రంగు.
"బీట్‌రూట్ రసం తాగమంది మా అత్త. రెండు నెలలు తాగాను.
ఉచ్చ ఎర్రబడింది గానీ మొహం ఎర్రబడలేదు."

హిమోగ్లోబిన్ ఎనిమిది.
ఇనుము చాలకపోతే కణాలు చిన్నబోతాయి,
కొన్ని విటమిన్లు చాలకపోతే ఉబ్బుతాయి.
ఇవి చిన్నబోలేదు, ఉబ్బలేదు.
గుండ్రంగా, బుద్ధిగా, కొలతకు సరిగ్గా ఉన్నాయి.
ఉండాల్సినన్ని లేవు, అంతే.

కొలత బాగుంది కదా అని
మొదటి ఏడాది ఎందరిని ఇంటికి పంపేశానో.

ఇప్పుడు పంపను. వెతుకుతాను.
నెత్తురు ఎటైనా పోతోందా?
గాయం లేదు, మలం నల్లగా లేదు.
లోపలే చిట్లుతోందా?
కళ్లు పచ్చబడలేదు, పలక మీద ముక్కలైన కణం ఒక్కటీ లేదు.
మరి పుడుతోందా అసలు?
నీలిరంగు వేసి పసికణాల కోసం కూర్చున్నాను.
వెయ్యింటికి నాలుగు.
ఎముకల్లో ఉయ్యాలలు ఖాళీ.

మూలుగ తనంతట తాను మూలగదు.
నెత్తురు పలచబడింది, పనిలోకి దిగండని
దానికి కబురు పెట్టాల్సింది మూత్రపిండం.
ఆ కబురే రావడం లేదు.
క్రియాటినిన్ కాగితం ఉసులుతాన్ నుంచి
నాలుగు రోజులకు వచ్చింది, మడతల్లో చెమటతో.
నాలుగు పాయింట్ రెండు.

రోజుకి నీళ్లెన్ని తాగుతావని అప్పుడడిగాను.
నవ్వాడు. "కూలీ టన్నుకి, అమ్మా.
తాగడానికి నేనాగితే టన్నూ ఆగుతుంది."
ఎండో, చేలో కొట్టే మందో, బావి నీళ్లో,
పెద్ద డాక్టర్లు ఇంకా తేల్చుకోలేదు.
అతని కిడ్నీలు వాళ్ల కోసం ఆగలేదు.

చీటీ జేబులో పెట్టుకుంటూ ముఠా సంగతి చెప్పాడు.
నిరుటి కోతకి ముప్ఫై ఒక్కమంది. ఈసారి పంతొమ్మిది.
చీకటితో మేస్త్రీ పేర్లు పిలుస్తాడట.
పలికినవాళ్లందరూ నిటారుగా, కొడవలి చేతికి సరిపోయినవాళ్లే.
పలకని పేరు దగ్గర
అతను ఆగడట.