చుక్కలు అరిగిన చోట

గురువారం గురువారం గ్యుమ్రీ నుంచి బస్సు.
నా ఒళ్ళో సువార్త, బ్రెయిలీలో, రెండో సంపుటం.
పిండిమూటంత బరువు.
కళ్ళున్నవాళ్ళకి మాత్రం ఒట్టి తెల్లకాగితం.

ఆర్తిక్‌లో దిగితే గులాబిరంగు దుమ్ము.
ఇళ్ళూ, గుడీ, సమాధులూ అన్నీ ఒక్క క్వారీ కడుపున పుట్టినవే.
ఆ రాతిని ముప్ఫయ్యేళ్ళు కోశాడు సెరోబ్,
రంపపు చక్రం పగిలి మొహంలోకి వచ్చిన రోజు దాకా.
మర బిగించాల్సింది నోరాయర్.
బిగించలేదు.
ఆరేళ్ళుగా ఆయన కంఠస్థం చేసిన వాక్యం అదొక్కటే.

నేను బోధకురాలిని కాను. గ్రంథాలయం ఉద్యోగిని.
పుస్తకం ఇస్తాను, సంతకం బదులు వేలిముద్ర తీసుకుంటాను.
ఆత్మల పద్దు పాదిరిగారి దగ్గరుంటుంది.

మొదటిరోజు ఆయన వేలు పట్టుకుని పేజీ మీద పెట్టాను.
"ఏమీ లేదు."
"ఉంది తాతా."
"గీసిన గడ్డంలా నున్నగా ఉంది."
వేలికొస తిప్పి చూశాను.
కాయ మీద కాయ కాసి, గాడిద గిట్ట.

రాత్రిళ్ళు నిద్రపట్టక
పెరట్లో ఒక బండని సుత్తితో కొడుతూ కూర్చుంటాడట.
ఏం చెక్కుతున్నాడో వార్దితేర్ అడగలేదు.
నలభయ్యేళ్ళ కాపురంలో ఏది అడగకూడదో ఆమెకి తెలుసు.

"సుత్తి మానితేనే అక్షరం" అన్నాను.
వేదాంతం కాదది, చర్మం సంగతి.

పూటపూటా గోరువెచ్చని పాలలో వేళ్ళు,
పడుకోబోయే ముందు గొర్రెకొవ్వు.
మొదటి నెల మానలేదు.
రెండో నెల ఒక రాత్రి మాని, మర్నాడు వడ్డీతో కొట్టాడు.
తర్వాత పెద్దమంచు పడి సుత్తి ఎక్కడో పూడుకుపోయింది.
మంచుకి సాయం పట్టింది వార్దితేరేనని నా అనుమానం.

ఫిబ్రవరిలో, పొరలూడి కొత్తగా ఎర్రబడ్డ వేలికి
మొదటి చుక్క తగిలింది.
"చీమ" అన్నాడు.
ఆ బారు వెంట పోయాడు, ఊపిరి బిగబట్టి.
"ఒత్తకు తాతా, ఒత్తితే చుక్క చచ్చిపోతుంది."
"ఇన్నేళ్ళలో దేన్నీ ఒత్తకుండా ముట్టుకోలేదే పిల్లా" అని,
అన్నాక సిగ్గుపడి
వార్దితేర్ ఉందనుకున్న వైపు మొహం తిప్పాడు.
ఆమె అటు లేదు. పొయ్యి దగ్గరుంది.
వింది.

కొండంత బాకీ రద్దయినవాడు
గుమ్మం దిగీదిగగానే ఇంకొకడి గొంతు పట్టుకునే చోటుంది కదా,
అక్కడ ఆగిపోయాడు. ఏడు గురువారాలు.
"తిప్పమంటావా?"
"ఉండు."
ఒకసారి, "ఇది రాసినవాడికి కళ్ళు పోయాయా ఎప్పుడైనా?" అని అడిగాడు.
తెలీదన్నాను.
ఒకసారి గోడకేసి కొట్టాడు. అట్ట వంగింది.
జరిమానా రాశాను. కట్టాడు.
ఆ పేజీ మాత్రం వదల్లేదు,
పంటిలో ఇరుక్కున్నదాన్ని నాలుక వదలనట్టు.

ఈస్టరు ముందు వెళ్ళేసరికి బల్ల మీద ఇంకో మనిషి.
టోపీని పిండుతున్నాడు, తడిబట్టలా.
నోరాయర్.
ఎవరు ఎవర్ని పిలిచారో నాకు చెప్పలేదు.
క్షమించడం లాంటి మాటేదీ నా చెవిన పడలేదు.
చాలాసేపు గోడగడియారమే మాట్లాడింది.
ఆఖరికి సెరోబ్ చెయ్యి చాచి,
గాలిలో వెతికి, ఆ చేతిని దొరకబుచ్చుకుని,
తిరగేసి, ఒక్కొక్క వేలికొసా తడిమాడు.
ఒత్తకుండా.
"కాయలు అలాగే ఉన్నాయేంట్రా!
ఈ చేత్తో ఏం చదువుతావు?"
లోపలికి కేకేశాడు, "పాలు పెట్టవే, వీడిక్కూడా."

తిరుగు బస్సులో సంపుటం తెరిచాను.
ఆ పేజీలో నాలుగు వరుసల చుక్కలు అరిగిపోయాయి.
నియమం ప్రకారం నమోదు చెయ్యాలి:
పాఠం నష్టం, కారణం.
కారణం దగ్గర కలం ఆగింది.

కళ్ళు మూసుకుని నా వేలు పెట్టి చూశాను.
ఎన్నడూ సుత్తి పట్టని వేలు, పుట్టుమెత్తన.
నున్నగా ఉంది.
పై వరుసకి జరిపాను, అక్కడ చుక్కలున్నాయి, చూశాను కూడా.
అక్కడా
నున్నగానే ఉంది.