గాజు గురి

పాత పోస్టాఫీసు దగ్గర ఓడలకు సరుకులమ్మే కొట్టు
మూసేస్తున్న రోజున కొన్నాను దీన్ని.
జోడు గొట్టాలు, ఒక్కో కంటికీ సాసరంత అద్దం,
తూకానికి నాలుగు కిలోల మూడొందలు.
"సంచీలో ఏమిటి, సొరపిల్లా?" అంది సత్యవేణి.

చూపిస్తుంది, కాదనను.
చూపించేది ఎక్కడిదో మాత్రం చెప్పదు.
ఇరవై ఐదు రెట్లు దగ్గరైన ఆకాశంలో
దారి తప్పడం అన్ని రెట్లూ తేలిక.
అంగారకుణ్ణి వెతుకుతూ
యారాడ కొండ మీది టవరు ఎర్ర దీపాన్ని
పావుగంట సేపు మెచ్చుకున్నాను.

షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్ళు లేతు ముందు నిలబడ్డవాణ్ణి,
వెంట్రుకలో సగం తేడాని వేలికొసతో పట్టినవాణ్ణి,
నాకు గురి కుదరకపోవడమా?

అంగుళం పీవీసీ గొట్టం జానెడు కోశాను.
రెండు మూతులకీ గాలిపటం దారం, అడ్డంగా, నిలువుగా.
పూర్ణా మార్కెట్లో స్టీలు క్లాంపులు రెండు
(ఇనుపవైతే ఈ ఉప్పుగాలి ఆర్నెల్లు ఉంచదు),
జారకుండా కింద సైకిలు ట్యూబు ముక్క.
పట్టపగలు, చినవాల్తేరు డాబా మీంచి
డాల్ఫిన్ నోస్ లైట్‌హౌసు కొసని పట్టుకుని
ఇటో మర, అటో మర, ఊపిరి బిగబట్టి
దారాల కూడలికి చేర్చాను.
చేరింది. చివరి కోత దిగినట్టు.

రాత్రయింది.
దారాలు లేవు.
చీకట్లో దారం కనబడుతుందనుకున్న మేధావి
ఊరు మొత్తానికీ నేనొక్కణ్ణే.

పొద్దున్నే కానాగంతల గంప దించి
పెదజాలారిపేట పోలమ్మ అందులోకి కన్ను పెట్టింది.
"ఏటి బాబూ, గొట్టం మీద గొట్టం?"
చెప్పాను. నవ్వింది.
"మా అయ్య తెప్ప మీద దారాలు కట్టుకున్నాడేటి?
ముందరో గురుతు, ఎనకాలో గురుతు.
గోపురం మీదకి కొండ బోడి ఎక్కిందా,
ఆడ నీళ్ళకింద రాయుంది, రాయి కాడ సేపుంది.
ఒక్క గురుతుని నమ్మినోడు
ఒట్టి వల తెస్తాడు."
మర్నాడు చేపలతోపాటు
చిరిగిన వల అంచునుంచి సీసం గుండొకటి తెచ్చిచ్చింది.
డబ్బులు చేపలకే తీసుకుంది.

గొట్టం పీకేశాను.
కంటివైపు, సత్యవేణి చేతికి పట్టని పాత గాజు.
ఆ చివర, సన్నటి తీగ కొసన ఆ గుండు.
చూసేదీ గాజే, చూపు నిలిపేదీ గాజే.
భాషకి ఇది ముందే తెలుసు కాబోలు,
నాకు చెప్పలేదు.

మల్కాపురం వైపు రిఫైనరీ మంట,
హార్బరు దీపాలు, బీచి రోడ్డు దీపాలు.
పాలిపోయిన ఆ ఆకాశాన్ని ఎన్ని రాత్రులు తిట్టానో.
ఇవాళ ఆ వెలుతురు మీదే
గాజు నల్లటి సున్నాలా, గుండు నల్లటి చుక్కలా
తేటగా తేలాయి.
తిట్లు కొన్ని వెనక్కి తీసుకున్నాను. అన్నీ కాదు.

వైశాఖం, తొమ్మిదిన్నర దాటింది.
వెతుకుతున్నది ఒట్టి కంటికి ఆనదు.
పుస్తకంలో పేరు ఒమేగా సెంటారి, ఊళ్ళో పేరు లేదు.
పైన చిత్త. కింద, సముద్రం మీద
లంగరేసిన ఓడ దీపం ఒకటి.
ఆ రెంటికీ మధ్య తాపీమేస్త్రి తూకందారం వదిలినట్టు ఊహించుకుని
ఓడకి జానెడు పైన
సున్నాలో చుక్కని నిలిపాను.
క్లాంపు బిగించి, మెడ వంచి, కళ్ళు ఆన్చాను.

మొదట తడి ఊపిరి మరక అనుకున్నాను.
తుడిచాను. పోలేదు.
అంచుల్లో గింజలు గింజలుగా విడుతోంది,
నడుమ విడనంటోంది.
అదంతా సూర్యులేనట. లక్షలు.
లెక్క నా వల్ల కాలేదు.

మెట్ల దగ్గర్నుంచి సత్యవేణి, "ఏం పడిందేంటి?"
నోట్లోంచి అదే వచ్చింది:
"నెత్తళ్ళు. వల నిండా."

ఆమె వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.
ఏమీ అనకుండా
తన గాజుని ఒకసారి వేలితో తడిమింది,
గురి కాస్త చెదిరింది.

తెల్లారి చూస్తే ఆ ఓడ లంగరెత్తుకుపోయింది.
ఇంకో గురుతు చూసుకోవాలి.